స్టార్టప్‌కు ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ డెవలప్‌మెంట్ ప్లాట్‌ఫామ్? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో చిన్న కంపెనీల సర్వర్లు, బిల్డ్‌లు (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా కట్టడం) చూసుకోవడం నా పని. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి కంపెనీ పెట్టుకున్నాక మొదటి నెలలో అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే ఉంటాయి. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పే జవాబులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. కోడ్ రాసేవాళ్ళకే కాకుండా కంపెనీలో డబ్బు పెట్టి నడిపేవాళ్ళకూ అర్థం కావాలని మామూలు మాటల్లోనే రాశాను.

అన్నిటికన్నా ముందు ఏది తేల్చుకోవాలి?

మీ సాఫ్ట్‌వేర్ వాడబోయేవాళ్ళ చేతిలో ఏ మెషీన్ ఉందో వెళ్ళి చూసి రండి. ఫోన్‌లో అడిగితే సరిపోదు, వెళ్ళాలి.

మేం మొదట్లో గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్ల కోసం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేశాం. ఆఫీసులో కూర్చుని టాబ్లెట్‌లో నడిచే వెబ్ యాప్ తయారుచేసి తీసుకెళ్ళాం. గుమాస్తా గారు అంతా ఓపిగ్గా చూసి ఒక్క మాట అడిగారు: "బాబూ, ఇది ఈ ప్రింటర్‌లో కొడుతుందా?" ఆయన బల్ల మీద పాత విండోస్ కంప్యూటర్, అందులో టాలీ, పక్కన మూడు కాపీల కాగితం ఎక్కించిన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. బ్రౌజర్ నుంచి ప్రింట్ ఇస్తే పేజీ అంతా బొమ్మగా వెళ్తుంది, ప్రింటర్ హెడ్ ఒక్కో గీతా గీసుకుంటూ వస్తుంది. ఒక బిల్లుకు నిమిషం దాటింది. సీజన్‌లో బయట లారీలు బారులు తీరి ఉంటే అంతసేపు ఎవరు ఆగుతారు? చివరికి ఆ కంప్యూటర్‌లోనే నడిచే చిన్న విండోస్ ప్రోగ్రామ్ రాసి, బిల్లును మామూలు టెక్స్ట్‌గా నేరుగా ప్రింటర్‌కు పంపాం. మూడు నెలల పని మళ్ళీ మొదటికొచ్చింది. ఒక పూట ముందే వెళ్ళి ఆ బల్ల చూసి ఉంటే ఆ మూడు నెలలు మిగిలేవి.

ఇంకో సంగతి. "ఏ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) వాడాలి?" అని అడిగేటప్పుడు చాలామంది మూడు ప్రశ్నలను కలిపేస్తారు. డెవలపర్ల లాప్‌టాప్‌లో ఏముండాలి, సర్వర్‌లో ఏముండాలి, మీ ప్రొడక్ట్ ఎక్కడ నడవాలి. మూడింటికీ ఒకే జవాబు ఉండాల్సిన పని లేదు. మొదటిది రేపే మార్చుకోవచ్చు. రెండోది మార్చాలంటే ఒకటి రెండు వారాలు పడుతుంది. మూడోది మార్చాలంటే చాలాసార్లు ప్రొడక్ట్ మళ్ళీ రాసుకోవాలి. కాబట్టి ఎక్కువసేపు ఆలోచించాల్సింది మూడో దాని గురించే.

మాకు అంత టైమ్ లేదు. ఈ వారమే మొదలుపెట్టాలి. ఒక్క ముక్కలో చెప్పండి.

లాప్‌టాప్‌లు ఇప్పుడు మీ దగ్గర ఉన్నవే. సర్వర్‌లో ఉబుంటు ఎల్‌టీఎస్ (లినక్స్ అనే ఉచిత ఓఎస్‌లో ఎక్కువ ఏళ్ళు అప్‌డేట్‌లు వచ్చే ఒక రకం). డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ప్రోగ్రామింగ్ భాష, ఫ్రేమ్‌వర్క్ (యాప్ కట్టడానికి ముందే సిద్ధంగా ఉన్న కోడ్ చట్రం) మీలో ఎక్కువ అనుభవం ఉన్న మనిషికి ఏది వస్తే అది. కస్టమర్ల మెషీన్ చూశాక వేరే కారణం కనబడకపోతే ముందు ఫోన్‌లో బాగా కనిపించే వెబ్‌సైట్, తర్వాత ఆండ్రాయిడ్ యాప్. కారణాలు కింద ఉన్నాయి.

డెవలపర్ల లాప్‌టాప్‌లకు విండోస్ మంచిదా, మ్యాకా, లినక్సా?

ఐఫోన్ యాప్ చేసే పని ఉంటే కనీసం ఒక మ్యాక్ తప్పదు. ఐఫోన్ యాప్‌లు కట్టడానికి యాపిల్ ఇచ్చే ఎక్స్‌కోడ్ మ్యాక్‌లో తప్ప నడవదు. మ్యాక్‌ను అద్దెకిచ్చే క్లౌడ్ సర్వీసులు ఉన్నా, బగ్ వెతికేటప్పుడు చేతిలో మెషీన్ ఉండాల్సిందే. ఐఫోన్ పని లేకపోతే మ్యాక్ మీ ఇష్టం, అవసరం కాదు.

లినక్స్ టూల్స్ సరిగ్గా నడవవని విండోస్ మీద ఒకప్పుడు ఉన్న పెద్ద కంప్లైంట్ ఇప్పుడు లేదు. డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లో లినక్స్ నడపడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఏర్పాటు) రెండో వెర్షన్ వచ్చాక విండోస్ లోపలే అసలు లినక్స్ కెర్నెల్ (ఓఎస్ గుండెకాయ) నడుస్తోంది. ఒక్క జాగ్రత్త: ప్రాజెక్ట్ ఫైళ్ళను సీ డ్రైవ్‌లో కాకుండా ఆ లినక్స్ లోపలి ఫోల్డర్‌లోనే పెట్టుకోండి. లేకపోతే ఫైళ్ళు చదవడం బాగా నెమ్మదిస్తుంది, "డబ్ల్యూఎస్ఎల్ స్లో" అని దాన్ని తిట్టుకుంటారు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్ ఉండాలి. అది ఎక్కని పాత లాప్‌టాప్‌లు మీ దగ్గర ఉంటే పారేయకండి. ఉబుంటుగానీ లినక్స్ మింట్‌గానీ వేసి, ర్యామ్ పెంచి వాడితే ఇంకొన్నేళ్ళు హాయిగా పనిచేస్తాయి. నా లెక్కలో డెవలపర్‌కు 16 జీబీ ర్యామ్ కనీస అవసరం. ఖరీదైన ప్రాసెసర్ మీద పెట్టే డబ్బు ర్యామ్ మీద పెట్టడం మేలు.

డాకర్ డెస్క్‌టాప్ (ప్రోగ్రామ్‌ను, దానికి కావాల్సినవన్నీ కలిపి, ఇమేజ్ అనే ఒకే ప్యాకెట్‌గా కట్టి నడిపే టూల్) ఉచితమేనా అని కూడా అడుగుతుంటారు. 250 మంది కన్నా తక్కువ ఉద్యోగులు, ఏడాదికి కోటి డాలర్ల కన్నా తక్కువ ఆదాయం ఉన్న కంపెనీకి ఉచితమే. ఆ రెండు హద్దుల్లో ఏది దాటినా డబ్బు కట్టాలి. ఈ నిబంధన 2021లో వచ్చింది.

టీమ్‌లో అందరికీ ఒకే ఓఎస్ ఉండాలా?

అక్కర్లేదు. అయితే వేరువేరుగా ఉంటే మూడు చోట్ల దెబ్బ తగులుతుంది. మూడూ ముందే తెలిస్తే చిన్నవి, తెలియకపోతే ఒక రాత్రంతా తినేస్తాయి.

మొదటిది ఫైలు పేర్లు. ఫైలు పేరు క్యాపిటల్ అక్షరంతో మొదలైంది, కోడ్‌లో చిన్న అక్షరంతో రాశారనుకుందాం. విండోస్, మ్యాక్ మామూలుగా ఆ తేడాను పట్టించుకోవు, బొమ్మ కనిపిస్తుంది. సర్వర్‌లో ఉన్న లినక్స్‌కు అవి రెండు వేరే ఫైళ్ళు. అందరి లాప్‌టాప్‌లోనూ కనిపించిన లోగో లైవ్ సైట్‌లో మాయమవుతుంది. ఫైలు పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే అని మొదటి రోజే నియమం పెట్టుకోండి.

రెండోది లైను చివరి గుర్తు. విండోస్ ప్రతి లైను చివరా రెండు కంటికి కనిపించని గుర్తులు పెడుతుంది, లినక్స్ ఒకటే పెడుతుంది. విండోస్‌లో సేవ్ చేసిన స్క్రిప్ట్‌ను సర్వర్‌లో నడిపితే, ఫైలు కళ్ళెదుటే ఉన్నా అలాంటి ఫైలు లేదని ఎర్రర్ వస్తుంది. మొదటి లైనులో ప్రోగ్రామ్ పేరు చివర ఆ అదనపు గుర్తు అంటుకుని ఉండటమే కారణం. గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైలులో (గిట్ అంటే కోడ్ మార్పులన్నిటినీ దాచిపెట్టే టూల్) ఒక్క లైను రాసి స్క్రిప్ట్‌లు ఎప్పుడూ లినక్స్ పద్ధతిలోనే ఉండాలని చెబితే మళ్ళీ ఈ గొడవ రాదు.

మూడోది ప్రాసెసర్ రకం. యాపిల్ 2020 నవంబర్‌లో ఎమ్1 మ్యాక్‌లు తెచ్చినప్పటి నుంచీ కొత్త మ్యాక్‌లలో ఇంటెల్ బదులు ఏఆర్ఎం అనే వేరే రకం చిప్‌లే వస్తున్నాయి. అక్కడ కట్టిన డాకర్ ఇమేజ్‌ను తీసుకెళ్ళి ఇంటెల్ సర్వర్‌లో పెడితే స్టార్ట్ కూడా కాదు. లైవ్‌లోకి వెళ్ళే ఇమేజ్‌ను ఎవరి లాప్‌టాప్ మీదా కట్టకండి. గిట్‌హబ్ యాక్షన్స్ (కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లోని బిల్డ్ సర్వీసు) లాంటి చోట ఒక్కచోటే కట్టండి. అప్పుడు ఎవరి దగ్గర ఏ లాప్‌టాప్ ఉన్నా ఒకటే.

సర్వర్‌కు ఏ లినక్స్ తీసుకోవాలి?

ఉబుంటు ఎల్‌టీఎస్, డెబియన్, ఆల్మాలినక్స్, రాకీ లినక్స్. ఈ నాలుగింటిలో మీకు ఎక్కువ తెలిసినది తీసుకోండి. ఏదీ తెలియకపోతే ఉబుంటు. మీకు వచ్చే ఎర్రర్‌ను అంతకుముందే ఎవరో ఎదుర్కొని జవాబు రాసి ఉంటారు, కొత్త టీమ్‌కు అదే పెద్ద ఆసరా.

పేరు కన్నా ముఖ్యం తేదీ. ప్రతి ఓఎస్‌కూ సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఆగిపోయే ఆఖరి తేదీ ఒకటి ఉంటుంది. ఉబుంటు ఎల్‌టీఎస్ రెండేళ్ళకోసారి ఏప్రిల్‌లో వస్తుంది, అయిదేళ్ళు అప్‌డేట్‌లు ఇస్తారు. 24.04 అంటే 2024 ఏప్రిల్‌లో వచ్చినది, 2029 వరకు నడుస్తుంది. మధ్యలో ఆరు నెలలకోసారి వచ్చే మామూలు వెర్షన్లకు సపోర్ట్ తొమ్మిది నెలలే, సర్వర్ మీద అవి పెట్టకండి. డెబియన్‌కు మూడేళ్ళు పూర్తి సపోర్ట్, ఆపైన ఇంకో రెండేళ్ళు ఎల్‌టీఎస్ బృందం చూసుకుంటుంది. ఆల్మా, రాకీ రెండూ రెడ్ హ్యాట్ కంపెనీ లినక్స్ వెర్షన్‌ను అనుసరిస్తూ పదేళ్ళు లాగుతాయి. బ్యాంకులకు, ప్రభుత్వ ఆఫీసులకు సాఫ్ట్‌వేర్ అమ్మాలనుకుంటే అక్కడ రెడ్ హ్యాట్ తరహానే అడిగే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ రెండూ చూడండి.

ఆ తేదీని కూడా గుడ్డిగా నమ్మలేమని సెంట్ఓఎస్ అనే ఉచిత లినక్స్ చూపించింది. సెంట్ఓఎస్ 8ను 2029 దాకా ఉంటుందని నమ్మి చాలామంది పెట్టుకున్నారు. 2020 డిసెంబర్‌లో, అది 2021 చివరితోనే ముగుస్తుందని ప్రకటన వచ్చింది. సర్వర్లన్నీ ఏడాదిలో మార్చుకోవాల్సి వచ్చింది. సెంట్ఓఎస్ మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన గ్రెగరీ కర్ట్‌జర్ రాకీని, క్లౌడ్‌లినక్స్ కంపెనీ ఆల్మాను మొదలుపెట్టింది ఆ దెబ్బ తర్వాతే. నేను నేర్చుకున్నది ఇది: సర్వర్ మీద చేత్తో టైప్ చేసి పెట్టిన సెట్టింగ్ ఒక్కటీ ఉండకూడదు. అన్నీ యాన్సిబుల్ లాంటి, సెట్టింగ్‌లను ఫైలులో రాసుకుని నడిపే టూల్‌లోగానీ, కనీసం ఒక షెల్ స్క్రిప్ట్‌లోగానీ రాసి గిట్‌లో ఉండాలి. అలా ఉన్నవాళ్ళకు సెంట్ఓఎస్ నుంచి మారడం వారం రోజుల పని అయింది. లేనివాళ్ళకు ఆ సర్వర్‌లో ఏముందో కనుక్కోవడానికే నెల పట్టింది.

విండోస్ సర్వర్ అసలు వద్దంటారా?

మీ టీమ్ సీ షార్ప్ మనుషులైతే భాష మార్చుకోవద్దు. సీ షార్ప్ ప్రోగ్రామ్‌లను నడిపే డాట్‌నెట్ 2016 నుంచి లినక్స్ మీద నడుస్తోంది, ఉచితం. కాబట్టి సీ షార్ప్ రాసినంత మాత్రాన విండోస్ సర్వర్ లైసెన్స్ కొనక్కర్లేదు. విండోస్‌లో మాత్రమే నడిచే పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ కోడ్, టాలీతో అదే మెషీన్‌లో మాట్లాడాల్సిన ప్రోగ్రామ్, కస్టమర్ ఆఫీసులోని యాక్టివ్ డైరెక్టరీ (ఉద్యోగుల లాగిన్‌లు చూసే విండోస్ ఏర్పాటు) లాంటివి ఉంటేనే విండోస్ సర్వర్ తీసుకోండి.

ఏ భాష, ఏ ఫ్రేమ్‌వర్క్? అందరూ తలా ఒకటి చెబుతున్నారు.

2012లో ఫేస్‌బుక్ ఇన్‌స్టాగ్రామ్‌ను వంద కోట్ల డాలర్లకు కొన్నప్పుడు అందులో ఉన్నది 13 మంది. వాళ్ళు వాడింది పైథాన్ భాష, జాంగో ఫ్రేమ్‌వర్క్, ఉబుంటు, పోస్ట్‌గ్రెస్. 2014లో వాట్సాప్‌ను కొన్నప్పుడు నెలకు 45 కోట్ల మంది వాడుతున్నారు, ఉద్యోగులు యాభై పైచిలుకు. వాళ్ళు వాడింది ఎర్లాంగ్ భాష, సర్వర్‌లో లినక్స్ కూడా కాదు, ఫ్రీబీఎస్‌డీ అనే వేరే ఓఎస్. ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్ ఏళ్ళ తరబడి నడిచింది సీ షార్ప్, ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ మీద. ఈ మూడింటికీ పోలిక లేదు. ఒక్కటే సామాన్యం: తమ చేతిలో ఉన్న పనిముట్టు వాళ్ళకు లోపలిదాకా తెలుసు.

అందుకే భాషల గురించి వాదన జరిగేటప్పుడు నేనొక ప్రశ్న వేస్తాను. శనివారం అర్ధరాత్రి సైట్ పడిపోతే దీన్ని ఎవరు లేపుతారు? మీలో ఒకరి పేరు వెంటనే వస్తే ఆ భాష మీది. "చూసి నేర్చుకుంటాం" అనే జవాబు వస్తే, ఆ భాష ఎంత గొప్పదైనా మొదటి ప్రొడక్ట్‌కు వద్దు.

మనుషులు దొరకడం కూడా చూసుకోవాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో జావా, డాట్‌నెట్, పైథాన్, జావాస్క్రిప్ట్ వచ్చినవాళ్ళు తేలిగ్గా దొరుకుతారు. ఎలిక్సిర్, హాస్కెల్ లాంటివి ఎంచుకుంటే మొదటి ఉద్యోగిని వెతకడానికే నెలలు పట్టొచ్చు. జావా తీసుకునేవాళ్ళకు ఒక మాట: ఒరాకిల్ ఇచ్చే జావాకు లైసెన్స్ షరతులు ఉన్నాయి, అవి పలుమార్లు మారాయి. ఓపెన్‌జేడీకే (జావా ఓపెన్ సోర్స్ రూపం) మీద కట్టిన టెమ్యూరిన్ లాంటివి పెట్టుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

మొబైల్ యాప్‌కు ఏది మంచిది? ఫ్లట్టరా, రియాక్ట్ నేటివా, నేటివ్‌గా రాయాలా?

ముందు యాప్ నిజంగా కావాలా అని చూడండి. నెలకోసారి బిల్లు చూసుకునే మనిషి దానికోసం యాప్ వేసుకోడు. లింకు నొక్కితే తెరుచుకునే పేజీ చాలు. రోజూ వాడేది, నెట్ లేకపోయినా నడవాల్సింది, కెమెరా, జీపీఎస్ ఎడతెగకుండా వాడేది అయితే యాప్ చేయండి.

మన దేశంలో నూటికి తొంభైకి పైగా ఫోన్లు ఆండ్రాయిడే. మీ కస్టమర్లు ఇక్కడివాళ్ళైతే ఆండ్రాయిడ్‌తో మొదలుపెట్టొచ్చు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళ కోసం చేస్తున్నారా, లెక్క మారిపోతుంది. అక్కడ ఐఫోన్ లేకుండా కుదరదు. రెండూ కావాలి, మనుషులు తక్కువ అంటే ఫ్లట్టర్ లేదా రియాక్ట్ నేటివ్, ఒకే కోడ్‌తో రెండు రకాల ఫోన్లకూ యాప్ చేసే ఫ్రేమ్‌వర్క్‌లు ఇవి. టీమ్‌కు వెబ్‌లో రియాక్ట్ వస్తే రియాక్ట్ నేటివ్ దగ్గరగా ఉంటుంది. ఏదీ రాకపోతే ఫ్లట్టర్‌లో స్క్రీన్‌లు రెండు ఫోన్లలోనూ ఒకేలా వస్తాయి కాబట్టి టెస్టింగ్ తగ్గుతుంది. బ్లూటూత్ పరికరాలతో మాట్లాడే యాప్, బ్యాక్‌గ్రౌండ్‌లో లొకేషన్ పట్టే యాప్ అయితే మాత్రం నేను ఆండ్రాయిడ్‌కు కాట్లిన్‌లో, ఐఫోన్‌కు స్విఫ్ట్‌లో విడివిడిగా, అంటే నేటివ్‌గా రాయమనే చెబుతాను. ఆ పనుల్లో ఫ్రేమ్‌వర్క్‌కూ ఫోన్‌కూ మధ్యలో ఉన్న ప్లగిన్‌లు సరిగ్గా అవసరమైనప్పుడే మొండికేస్తాయి.

ఫీజులు: గూగుల్ ప్లే డెవలపర్ ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు, యాపిల్‌కు ఏడాదికి 99 డాలర్లు. గూగుల్‌లో వ్యక్తిగత ఖాతా 2023 నవంబర్ 13 తర్వాత తెరిచినదైతే, యాప్ అందరికీ విడుదల చేసేముందు 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్ నడపాలి. కంపెనీ పేరు మీద ఖాతా తీస్తే ఆ నిబంధన లేదు. దానికి డన్స్ నంబర్ (కంపెనీని గుర్తించే అంతర్జాతీయ నంబర్) కావాలి, అది రావడానికి సమయం పడుతుంది. లాంచ్ తేదీ ప్రకటించేముందే అప్లై చేయండి.

యాప్ పెట్టేశాక పని అయిపోయినట్టు కాదు. కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్‌కు తగ్గట్టు యాప్‌ను మార్చమని గూగుల్ ఏటా గడువు పెడుతుంది. ఫ్రేమ్‌వర్క్‌లకూ ఆఖరి తేదీలు ఉంటాయి. జామరిన్ అనే మొబైల్ ఫ్రేమ్‌వర్క్‌కు మైక్రోసాఫ్ట్ 2024 మే 1న సపోర్ట్ ఆపేసింది. దానిలో రాసిన యాప్‌లన్నిటినీ వేరేదానికి తరలించుకోవాల్సి వచ్చింది.

మా ప్రొడక్ట్ తెలుగులో ఉండాలి. దానికి ప్లాట్‌ఫామ్ ఎంపికతో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, చాలా ఉంది. దీన్ని ఎవరూ ముందు అడగరు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

తెలుగు తెరమీద సరిగ్గా కనబడాలంటే అక్షరాలు ఉంటే చాలదు, వాటిని కలిపి వత్తులు, గుణింతాలు పేర్చే ఇంజిన్ కావాలి. క్రోమ్, ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్‌లలో ఆ పని హార్ఫ్‌బజ్ చేస్తుంది. బ్రౌజర్‌లో చక్కగా కనిపించింది కదా అని పీడీఎఫ్ రసీదులో కూడా అలాగే వస్తుందనుకుంటాం. పీడీఎఫ్ తయారుచేసే చాలా లైబ్రరీలకు (రెడీమేడ్ కోడ్) ఆ పేర్చే పని రాదు. "కృష్ణమూర్తి" అని ఇస్తే వత్తులు విడిపోయి, పొల్లులు వేలాడుతూ వస్తాయి. హెచ్‌టీఎంఎల్ పేజీ తయారుచేసి, సర్వర్‌లో తెర లేకుండా నడిచే క్రోమ్‌తో దాన్ని పీడీఎఫ్ చేయించడం నాకు తెలిసిన నమ్మకమైన దారి.

అక్కడ ఇంకో గోతి ఉంది. లాప్‌టాప్‌లో తెలుగు ఫాంట్‌లు ముందే ఉంటాయి. సర్వర్‌లోని చిన్న డాకర్ ఇమేజ్‌లో ఒక్కటీ ఉండదు. ఒక స్కూల్ ఫీజు ప్రొడక్ట్‌లో మాకిది జరిగింది. టెస్టింగ్ అంతా లాప్‌టాప్‌ల మీద చేసి సోమవారం పొద్దున లైవ్ చేశాం. పిల్లల పేర్లున్న చోటల్లా ఖాళీ గళ్ళు. తల్లిదండ్రులు ఆ రసీదులు పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డారు. పరిష్కారం ఇమేజ్‌లో ఒక్క లైను, నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఇన్‌స్టాల్ చేయడం. ఆ లైను తట్టడానికి రెండు గంటలు పట్టింది. అప్పటినుంచీ లైవ్‌కు ముందు "స్త్రీ, కృష్ణ, జ్ఞానం, లక్ష్మి" అని నాలుగు మాటలతో ఒక రసీదు సర్వర్ నుంచే తీసి, ప్రింట్ చేసి కళ్ళతో చూస్తాను.

ఇక లెక్క. "తెలుగు" అనే మాట మన కంటికి మూడక్షరాలు. యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే పద్ధతి) ఆరు గుర్తులు, యూటీఎఫ్-8లో (వాటిని కంప్యూటర్‌లో దాచే పద్ధతి) 18 బైట్లు. "స్త్రీ" ఒక్కటే అక్షరం, జావాస్క్రిప్ట్‌ను పొడవెంత అని అడిగితే 6 అంటుంది. పేరు గడిలో ఇరవై అక్షరాలు చాలనుకుని హద్దు పెడితే తెలుగు పేరు సగంలో తెగి, చివర వత్తు లేని పొల్లు మిగులుతుంది. ఎస్ఎంఎస్ కూడా అంతే. ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో 70 గుర్తులే పడతాయి. దాటితే రెండు మెసేజ్‌ల డబ్బు. తెలుగులో ఓటీపీలు, రిమైండర్లు పంపాలనుకుంటే ఈ ఖర్చు ముందే లెక్క వేసుకోండి, మెసేజ్ టెంప్లేట్‌లను డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల ఎస్ఎంఎస్ రిజిస్ట్రేషన్ వేదిక) రిజిస్టర్ చేసుకోండి.

పాత మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో యూటీఎఫ్-8 అని పేరున్నది నిజానికి మూడు బైట్ల వరకే పట్టేది. తెలుగు దాంట్లో సరిపోతుంది, పక్కన ఎవరైనా ఎమోజీ పెట్టగానే ఎర్రర్ వస్తుంది. నాలుగు బైట్లు పట్టే రకాన్నే ఎంచుకోండి. 8.0 నుంచి మామూలుగా అదే వస్తుంది.

2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరం ఒక రకంగా టైప్ చేసిన మెసేజ్ వస్తే ఐఫోన్‌లో యాప్‌లు క్రాష్ అయ్యేవి. యాపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. అంత పెద్ద కంపెనీ టెస్టింగ్‌లోనే మన అక్షరం జారిపోయింది. మీ ప్రొడక్ట్‌లో దాన్ని చూసుకోవాల్సింది మీరే.

డేటాబేస్?

పోస్ట్‌గ్రెస్. లైసెన్స్ గొడవ లేదు, ప్రతి పెద్ద వెర్షన్‌కూ అయిదేళ్ళు సపోర్ట్, అన్ని క్లౌడ్‌లలోనూ దొరుకుతుంది. టీమ్‌కు మైఎస్‌క్యూఎల్ బాగా వస్తే అదీ మంచిదే. స్కీమా (ఏ డేటా ఏ గడిలో ఉండాలనే నమూనా) రాసే ఓపిక లేదని మాత్రం, అది అడగని మాంగోడీబీకి వెళ్ళకండి. ఆ ఆలోచన తర్వాతైనా చేయాల్సిందే, అప్పటికి డేటా పది రకాలుగా పేరుకుపోయి ఉంటుంది.

క్లౌడ్ కంపెనీలు ఉచిత క్రెడిట్‌లు ఇస్తున్నాయి. ఏది తీసుకోవాలి?

తీసుకోండి, ఇచ్చేది వదులుకోవద్దు. కానీ క్రెడిట్‌లు అయిపోయే నెల బిల్లు ఎంత వస్తుందో ఈరోజే లెక్క వేసి గోడ మీద రాసుకోండి. ఉచితమే కదా అని పెద్ద మెషీన్లు, ఆ కంపెనీ సొంత సర్వీసులు నాలుగైదు కలిపి కట్టేస్తే, ఏడాది తర్వాత బిల్లు తడిసి మోపెడవుతుంది, అప్పటికి బయటికి వచ్చే దారి ఉండదు.

ఏ సర్వీసు తీసుకున్నా, రేపు ఇది మూతపడితే అని ఒక్కసారి అనుకోండి. 2013లో ఫేస్‌బుక్ కొన్న, యాప్‌ల సర్వర్ పని చూసే పార్స్ సర్వీసు మీద వేల యాప్‌లు ఆధారపడ్డాయి. 2016 జనవరిలో మూసేస్తున్నామని చెప్పారు, ఏడాది గడువిచ్చి 2017 జనవరిలో మూసేశారు. యాప్‌లను తన సర్వర్లలో నడిపిపెట్టే హెరోకూ ఉచిత ప్లాన్ 2022 నవంబర్‌లో పోయింది. మామూలు లినక్స్, పోస్ట్‌గ్రెస్, డాకర్ మీద ఉన్న ప్రొడక్ట్‌ను ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి ఒక వారాంతంలో మార్చుకోవచ్చు.

చోటు సంగతి. అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి రీజియన్‌లు (సర్వర్ కేంద్రాలు) ఉన్నాయి. ఊళ్ళోనే ఉంది కదా అని హైదరాబాద్ ఎంచుకునేముందు మీకు కావాల్సిన సర్వీసులన్నీ అక్కడ ఉన్నాయో లేదో చూసుకోండి, కొత్త రీజియన్‌లకు కొన్ని ఆలస్యంగా వస్తాయి. పేమెంట్‌ల డేటా ముట్టుకునేవాళ్ళైతే, ఆ డేటా దేశంలోనే ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం చదవండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ నిబంధనల ప్రకారం లాగ్‌లు (సర్వర్‌లో ఏం జరిగిందో రాసే రికార్డులు) 180 రోజులు దాచాలి, హ్యాకింగ్ లాంటిది జరిగితే ఆరు గంటల్లో తెలియజేయాలి. లాగ్‌లను ఏడు రోజులకే చెరిపేసే సెట్టింగ్‌తో చాలా సర్వర్లు నడుస్తుంటాయి, ఒకసారి చూసుకోండి.

కుబర్నెటిస్ కావాలా?

చాలా సర్వర్ల మీద డాకర్ ప్యాకెట్‌లను నడిపించే వ్యవస్థ అది. ఇప్పుడు వద్దు. ఒకటి రెండు సర్వర్లలో నడిచే పనికి అది గోటితో పోయేదానికి గొడ్డలి.

ఓపెన్ సోర్స్ అంటే అంతా ఉచితమేగా? లైసెన్స్‌లు చదవాలా?

చదవాలి. ఎమ్ఐటీ, అపాచీ లైసెన్స్‌లతో దాదాపు ఇబ్బంది లేదు. జీపీఎల్ కోడ్ కలిపిన ప్రోగ్రామ్‌ను కస్టమర్‌కు ఇస్తే వాళ్ళకు సోర్స్ (అసలు కోడ్) కూడా ఇవ్వాలి. ఏజీపీఎల్ అయితే, మీరు దాన్ని మార్చి నెట్ మీద సర్వీసుగా నడిపినా వాడేవాళ్ళకు సోర్స్ ఇవ్వాల్సి వస్తుంది. ఇన్వెస్టర్ల తరఫు లాయర్లు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇది ఒకటి.

లైసెన్స్ మధ్యలో మారడం కూడా జరుగుతోంది. వెతుకులాటకు వాడే ఎలాస్టిక్‌సెర్చ్ 2021లో, సర్వర్లు ఏర్పాటు చేసే టెర్రాఫామ్ 2023 ఆగస్టులో, డేటాను మెమరీలో ఉంచే రెడిస్ 2024 మార్చిలో మార్చాయి. వాటి నుంచి ఓపెన్‌సెర్చ్, ఓపెన్‌టోఫు, వాల్కీ విడిగా పుట్టాయి. ఒకే కంపెనీ చేతిలో ఉన్న ప్రాజెక్ట్ కన్నా, పోస్ట్‌గ్రెస్, డెబియన్‌లలాగా పదిమంది చేతుల్లో ఉన్నదానికి ఈ భయం తక్కువ.

కొన్ని వందల రూపాయలకు దొరికే విండోస్ కీలు, క్రాక్ చేసిన టూల్స్ ఆఫీసులోకి రానివ్వకండి. లైసెన్స్ కొనే డబ్బు లేకపోతే లినక్స్ వేసుకోండి. ఇది నేను చాలా గట్టిగా చెప్పే మాట. క్రాక్‌తో పాటు ఏమొచ్చిందో మీకు తెలియదు, ఆ మెషీన్‌లో మీ కస్టమర్ల డేటా ఉంటుంది.

ఖాతాలు ఎవరి పేరు మీద తెరవాలి?

కంపెనీ ఈమెయిల్ మీద, కంపెనీ పేరుతో. డొమైన్, గిట్‌హబ్, క్లౌడ్, ప్లే స్టోర్, యాపిల్, ఎస్ఎంఎస్ అన్నీ.

నేను పనిచేసిన ఒక చిన్న కంపెనీలో మొదటి వెబ్‌సైట్ చేసిపెట్టిన అబ్బాయి డొమైన్‌ను తన సొంత జీమెయిల్ మీద కొన్నాడు. మంచివాడే, అప్పుడు మా దగ్గర కార్డు లేదని తనే డబ్బు కట్టాడు. రెండేళ్ళకు నంబర్ మార్చుకుని వేరే దేశం వెళ్ళిపోయాడు. రెన్యువల్ మెయిల్‌లు ఆయన చూడని ఇన్‌బాక్స్‌కు వెళ్ళాయి. ఒక ఆదివారం సైట్, మెయిల్ రెండూ పోయాయి. ఆయన చెల్లెలి ద్వారా నంబర్ పట్టుకుని మాట్లాడేసరికి అయిదు రోజులు. ఈ పేజీలో రాసిన అన్ని టెక్నికల్ తప్పుల కన్నా ఈ ఒక్కటి ఎక్కువ నష్టం చేసింది. ఇద్దరు మనుషులకు యాక్సెస్, రెండంచెల లాగిన్, రికవరీ కోడ్‌ల ప్రింట్ ఒకటి బీరువాలో. ఇది మొదటి వారంలోనే చేయండి.

ఇప్పుడు ఎంచుకున్నది తర్వాత మార్చుకోవచ్చా? ఆఖరి తేదీ వచ్చినప్పుడు ఏం చేయాలి?

మార్చుకోవచ్చు, తేదీ మీద పడకముందే మొదలుపెడితే. ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి మీరు వాడే ప్రతిదాన్నీ రాయండి: ఓఎస్ వెర్షన్, భాష వెర్షన్, ఫ్రేమ్‌వర్క్, డేటాబేస్, డొమైన్ రెన్యువల్, యాపిల్ ఫీజు, క్రెడిట్‌ల గడువు. పక్కన ఆఖరి తేదీ, దాని పక్కన అది చూసే మనిషి పేరు. ఆఖరి తేదీకి ఆరు నెలల ముందు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

సర్వర్ ఓఎస్ మార్చేటప్పుడు ఉన్న మెషీన్‌నే కొత్త వెర్షన్‌కు ఎక్కించకండి. పక్కన కొత్త సర్వర్ తీసుకోండి, మీ స్క్రిప్ట్ నడిపి దాన్ని సిద్ధం చేయండి, నిన్నటి బ్యాకప్‌ను అందులో రీస్టోర్ చేయండి. బ్యాకప్ నిజంగా పనిచేస్తుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. డీఎన్ఎస్‌లో (సైట్ పేరుకు సర్వర్ అడ్రస్ చెప్పే వ్యవస్థ) టీటీఎల్‌ను, అంటే పాత అడ్రస్‌ను గుర్తుంచుకునే సమయాన్ని, రెండు రోజుల ముందే 300 సెకన్లకు తగ్గించండి. రాత్రి జనం తక్కువున్న వేళ కాసేపు సైట్ ఆపి, తాజా డేటా తెచ్చి, అడ్రస్ మార్చండి. పాత సర్వర్‌ను ఆపేయండి కానీ చెరిపేయకండి, నెల మొదటి తారీఖు దాటేదాకా అద్దె కట్టండి. ఏ క్రాన్ జాబ్‌నో (వేళకు దానంతటదే నడిచే పని) మర్చిపోయిన సంగతి సాధారణంగా నెల మొదటి తారీఖున బయటపడుతుంది, అప్పుడు దాన్ని వెతుక్కోవడానికి ఆ పాత డిస్క్ కావాలి.